సోమవారం బిగింపు

ప్రియమైన వదినకి,

క్షేమంగా చేరాను. అన్నయ్యకి చెప్పు, సూట్‌కేసు పిడి దారిలో ఊడలేదు, పందెం నేనే గెలిచాను. మిల్లు వెనక వీధిలో ఒక గది అద్దెకి దొరికింది. ఇంటావిడ తక్కువ మాట్లాడే మనిషి. భర్త ఊళ్ళో లేడని ఒక్క ముక్క చెప్పి తాళంచెవి చేతిలో పెట్టింది. కిటికీ తీస్తే చాలు, పరుపు మీద సన్నటి దూది పీచు. తుడుస్తాను, మళ్ళీ పరుచుకుంటుంది. వీధిలో చెట్లకీ తీగలకీ కూడా అదే.

పని మాత్రం నేను భయపడినట్టు లేదు. మిల్లు సంక్షేమాధికారి చాలా మర్యాదస్తుడు. క్యాంటీన్‌లో ఒక మూల నాకు బల్లా కుర్చీ వేయించాడు. కూలీలను ఒక్కొక్కరినీ తనే పంపిస్తున్నాడు. మనం రెండు నెలలు పడుతుందనుకున్న ప్రశ్నావళి రెండు వారాల్లో అయిపోయేలా ఉంది. కార్మిక శాఖ అడిగినదానికి జవాబు తొందరగానే ఇచ్చేస్తాం. హాళ్ళలో దుమ్ము లాగే యంత్రాలు పెట్టాలా, అక్కర్లేదా అన్నది మన నివేదిక చూసే తేలుస్తారు కదా, ఆలస్యం చేశామన్న మాట రాదు.

ఒక్క చోట మాత్రం చిక్కు పడింది. "మీకు దగ్గు ఉందా?" అన్న ప్రశ్నకి ఇంతవరకూ అందరూ "లేదు" అన్నారు. అందరూ అంటే అందరూ. నిన్న ఒకాయన "నాకు దగ్గేంటమ్మా, రాయిలా ఉన్నాను" అని, పక్కకి తిరిగి బల్ల మీది కాగితాలు ఎగిరిపోయేంత దగ్గాడు. మళ్ళీ నా వైపు తిరిగి చిరునవ్వు నవ్వాడు. నేనూ నవ్వాను. వదినా, ఇప్పుడు నేనేం రాయాలి? ఆయన చెప్పిందా, నేను విన్నదా?

ఇక్కడ ఫోను సంక్షేమాధికారి బల్ల మీద తప్ప ఇంకెక్కడా లేదు. అందుకే ఉత్తరమే రాయి, వెంటనే.

నీ ప్రశ్నలపిట్ట

•

ప్రియమైన ప్రశ్నలపిట్టకి,

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్య ఏమన్నాడో తెలుసా? "చిన్నప్పుడు దాని ప్రశ్నలకి తట్టుకోలేక అమ్మ చెవుల్లో దూది పెట్టుకునేది. ఇప్పుడు దూది మిల్లుకే పంపించావు" అని. పందెం ఓడినందుకు అక్కసు, పట్టించుకోకు.

ముందు నీ చిక్కు సంగతి. ఆయన చెప్పిందీ రాయి, నువ్వు విన్నదీ రాయి. కానీ ఒకే గడిలో కాదు. "లేదు అన్నాడు" అన్నది జవాబు. "దగ్గాడు" అన్నది నీ పరిశీలన. రెండూ కలిపి "అబద్ధం చెప్పాడు" అని రాశావంటే అది నీ తీర్పు, దానికి మన దగ్గర ఇంకా చోటు లేదు.

ఇక అసలు సంగతి. ఆ కుర్చీ ఎవరిది? నీ ఎదురుగా ఎవరిని కూర్చోబెట్టాలో ఎంచుతున్నది ఎవరు? వాళ్ళు నీకు జవాబు చెబుతున్నారని నువ్వనుకుంటున్నావు. నాకైతే ఆ క్యాంటీన్‌కి జవాబు చెబుతున్నట్టు కనిపిస్తోంది. ఆ మర్యాద నిజమే కావచ్చు, ఆయన చెడ్డవాడని నేననను. కానీ శాంపిల్ ఎంచే పని మనది, ఆయనది కాదు. రేపే ఆ బల్ల వదిలి బయటికి రా.

ఇంకొకటి. నువ్వు చూస్తున్నది గేటు లోపల ఉన్నవాళ్ళని. ఊపిరి ఆడని మనిషి గేటు లోపల ఎందుకుంటాడు? పని మానేసినవాళ్ళు ఎక్కడున్నారో వెతుకు. లోపలున్నవాళ్ళని మాత్రమే లెక్కపెడితే ప్రపంచంలోని మిల్లులన్నీ ఆరోగ్య కేంద్రాల్లాగే కనిపిస్తాయి.

ప్రశ్న కూడా మార్చు. దగ్గు మన మాట. వాళ్ళ మాట ఏమిటో మనకి తెలియదు. వారమంతా ఎలా గడుస్తుందో చెప్పమని అడిగి నోరు మూసుకుని కూర్చో. నీకది కష్టమని తెలుసు. జబ్బు ఉండి తీరాలని మాత్రం అనుకుంటూ వెళ్ళకు, నవ్వు కూడా దగ్గులా వినిపిస్తుంది.

ఎవరి పేరూ ఎక్కడా రాయనని మాటిచ్చాకే నోటుపుస్తకం తెరువు. ఆ మాట తప్పితే మన పరిశోధన ఒక్క పూటకి కూడా పనికిరాదు.

ప్రేమతో,
వదిన

•

ప్రియమైన వదినకి,

నువ్వు చెప్పినట్టే బల్ల వదిలేశాను. ఇంకో కుర్చీ కావాలా అని అడిగాడు సంక్షేమాధికారి. నడుం పట్టేసిందని అబద్ధమాడాను. ఇది పరిశోధన నియమాలకి విరుద్ధమైతే తర్వాత తిట్టు.

వదినా, వాళ్ళ మాట దొరికింది. దూది ఏకే హాల్లో పనిచేసే ఒకావిడ ఉంది. ఉత్తరంలో కూడా పేరు రాయను, ఏకే హాలు అక్క అంటాను. కుళాయి దగ్గర ఆమె బట్టలు ఉతుక్కుంటుంటే పక్కన కూర్చున్నాను. వారమంతా ఎలా ఉంటుందక్కా అన్నాను, అంతే. తర్వాత నేను నోరు మెదపలేదు. బట్టలన్నీ పిండేదాకా ఆమె చెబుతూనే ఉంది.

"ఆదివారం బాగుంటుందమ్మా, పాట కూడా పాడతాను. సోమవారం హాల్లోకి వెళ్ళి గంట గడవదు, ఇక్కడ తాడు వేసి లాగినట్టు బిగేస్తుంది. మెట్లెక్కలేను. మంగళవారానికి కాస్త వదులు. బుధవారానికి మర్చిపోతాను. మళ్ళీ సోమవారం."

"మరి దగ్గు లేదన్నారేం?"

"దగ్గంటే క్షయ. క్షయంటే ఇంటికి పొమ్మనడం. మాకున్నది దగ్గు కాదు, బిగింపు. సోమవారం బిగింపు."

ఆ తర్వాత ఏ గుమ్మంలో కూర్చుని అడిగినా అదే మాట. ఒకరు చెప్పింది ఇంకొకరికి నేను అందించలేదు, ఒట్టు. "సోమవారం ఎలా ఉంటుంది?" అని కూడా అడగలేదు. వాళ్ళంతట వాళ్ళే సోమవారం దగ్గర ఆగుతున్నారు. హాల్లో పాతబడినవాళ్ళకైతే అది బుధవారానికీ వదలదట, ఆ తర్వాత ఏ రోజూ వదలదట.

పని మానేసినవాళ్ళ కోసం ఊరంతా తిరిగాను. మొదటివాడు ఎక్కడ దొరికాడో తెలుసా? నా గది గోడకి అవతల. ఇంటావిడ భర్త ఊళ్ళోనే ఉన్నాడు, వెనక గదిలో, మూడు దిండ్లకి ఆనుకుని. నిన్న ఆమే తలుపు తీసింది. "నిన్ను మిల్లు మనిషి అనుకున్నా. వాళ్ళ కుర్చీలో కూర్చున్నావు కదా" అంది. ఆయన ఒక వాక్యం చెప్పడానికి మూడుసార్లు ఆగుతాడు. ఒకప్పుడు హాలు మేస్త్రీ. నేను రాస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు భయపడాల్సిన సంగతి. ఏటా మిల్లుకి డాక్టరు వచ్చి అందరి చేతా గొట్టంలో ఊదించి ఊపిరి పరీక్షిస్తాడు. ఆయన వచ్చే రోజున, బిగింపు ముదిరినవాళ్ళందరికీ జీతంతో సెలవు. "విశ్రాంతి తీసుకోండి" అని సంక్షేమాధికారి నవ్వుతూ పంపించేస్తాడు. డాక్టరు కాగితాల్లో అందరూ రాళ్ళే. ఇది చెప్పింది ఏకే హాలు అక్క. వచ్చే వారమే డాక్టరు వస్తాడట.

ఈ సాయంత్రం సంక్షేమాధికారి నా గదికొచ్చాడు. నిలబడే మాట్లాడాడు. "గేటు బయటివాళ్ళ దగ్గరికి తిరుగుతున్నారట. వాళ్ళు మా లెక్కలో లేనివాళ్ళు. రాసుకున్నవి ఒకసారి చూపిస్తే తప్పులుంటే సరిచేస్తాను" అన్నాడు. గైడుగారికి, అంటే నీకే, పంపించేశానని చెప్పాను. అబద్ధం నిజం చెయ్యడానికి, ఇదంతా రైలు తపాలాలో వెయ్యడానికి ఇప్పుడు స్టేషన్‌కి వెళ్తున్నాను. కాగితాలన్నీ ఈ కట్టలోనే ఉన్నాయి. నువ్వు తప్ప ఇంకెవరూ చూడకూడదు వదినా. అందిన వెంటనే ఒక్క ముక్క రాయి.

నీ పిట్ట

•

గౌరవనీయులైన గైడుగారికి,

మూడు వారాలైంది. మీ దగ్గర్నుంచి ఒక్క ముక్క రాలేదు. అందుకే గైడుగారూ అన్న ఈ పిలుపు.

ఏకే హాలు అక్కని పనిలోంచి తీసేశారు. డాక్టరు వచ్చిన రోజే. ఆ సాయంత్రం నుంచి ఆమె ఇంటికి తాళం. ఎక్కడికి పోయిందో వీధిలో ఎవరికీ తెలియదు, తెలిసినా నాకు చెప్పరు. కుళాయి దగ్గరికి నేను వెళ్తే బిందెలు తీసుకుని లేచిపోతున్నారు. నిన్నటిదాకా గుమ్మంలో చోటిచ్చిన మనుషులు ముఖాన తలుపు వేస్తున్నారు. ఒక ముసలాయన మాత్రం తలుపు సందులోంచి, "నువ్వొచ్చి అడక్కపోతే అది ఇవాళ పనిలో ఉండేది" అన్నాడు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమంది ఇంటావిడ. ఆమె కోపంగా అనలేదు, అదే ఇంకా బాధ.

ఆమె నాతో ఏం చెప్పిందో తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురు. ఆమె, నేను, ఆ కాగితాలు అందుకున్న మీరు. నేను ఎవరితోనూ అనలేదు. గదిలో నకలు కూడా ఉంచుకోలేదు.

మొన్న సంక్షేమాధికారి వీధిలో ఎదురుపడ్డాడు. "ఇంకా ఎందుకమ్మా ఇక్కడ? మీ కాలేజీ కొత్త భవనం ఎవరు కట్టించారనుకున్నారు? మా యజమానిగారే. వెళ్ళి మీ పెద్దవాళ్ళని అడగండి" అని నవ్వుతూనే వెళ్ళిపోయాడు. ఆ భవనంలోనే కదా మీ గది. నాకు ఆ మాట ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?

ఆ కాగితాలు ఎవరి చేతికి వెళ్ళాయి? మాట తప్పితే పరిశోధన ఒక్క పూటకి కూడా పనికిరాదని రాసింది మీరే. నేనొక మనిషి చేతులు పట్టుకుని ఆ మాట ఇచ్చాను. ఇప్పుడు ఆమె పొయ్యి ఆరిపోయింది. అన్నయ్యకి భార్య కాకపోయుంటే మీకు ఇంతకంటే కటువుగా రాసేదాన్ని.

జవాబు రాకపోతే ఇదే నా చివరి ఉత్తరం. పరిశోధన కూడా ఇక్కడితో ఆపేస్తాను.

ఇట్లు,
మీ విద్యార్థిని

•

ప్రియమైన పిట్టకి,

ఈ ఉత్తరం మీ అన్నయ్య చేతికిచ్చి పంపుతున్నాను. ముందు అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు, తర్వాత చదువు. ఎందుకు పంపాల్సొచ్చిందో చెబుతాను.

నువ్వు ఏకే హాలు అక్క అని రాసిన మనిషి పేరు గంటమ్మ. మిల్లు మోతలో కూడా వినపడే గొంతు కాబట్టి ఆ పేరు వచ్చిందట. ఆమె ఇప్పుడు మా వంటగదిలో ఉంది. మూడు వారాలుగా మా ఇంట్లోనే ఉంది.

ఆమెని ఎవరూ పట్టివ్వలేదమ్మా. ఆమే వెళ్ళింది. డాక్టరు వచ్చిన రోజు సంక్షేమాధికారి సెలవు చీటీ ఇవ్వబోతే, "నాకు సెలవొద్దు, నేనూ ఊదుతాను" అని వరసలో నిలబడింది. పక్కకి లాగబోతే హాలంతా వినపడేలా "నాకు సోమవారం బిగింపు ఉంది డాక్టరుగారూ" అని అరిచింది. ఏకే యంత్రాల మోతలో ఎవరికి వినిపించిందో ఎవరికి లేదో. డాక్టరు మాత్రం తలొంచుకున్నాడట. పనిలోంచి తీసేసింది అందుకు. వీధిలో ఎవరికీ చెప్పకుండా ఆ పూటే బస్సెక్కింది. చెబితే ఆపుతారని ఆమె భయం.

నేరుగా నా గదికొచ్చింది. ఇంటర్వ్యూకి ముందు నువ్వు అందరి చేతిలో పెట్టే కాగితంలో, ఫిర్యాదు ఉంటే గైడుకి చెప్పుకోవచ్చని నా చిరునామా రాసి ఉంటుంది కదా. ఇన్నేళ్ళలో ఆ వాక్యాన్ని నమ్మి వచ్చిన మొదటి మనిషి ఆమే. నేను కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

"మీ పిల్ల మీద ఫిర్యాదు" అంది.

"ఏం చేసిందమ్మా?"

"నా పేరు తీసేసింది. పేరు లేకుండా రాస్తానంది. నేను సరేనన్నాను, అప్పుడు భయమేసి. ఇంటికెళ్ళి ఆలోచించుకున్నాను. పేరు లేని బిగింపు ఎవరికుందని నమ్ముతారు? నాది అని రాయమను. గంటమ్మ అని రాయమను. మిల్లులో నన్ను ఎరగనివాళ్ళు లేరు."

నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను. పేరు బయటపడితే ఏం జరగొచ్చో చెప్పాను. "జరగాల్సింది జరిగిపోయిందిగా, పని పోయింది" అంది. వారం రోజులు ఆగి మళ్ళీ అడిగాను. అదే జవాబు. ఇంకో వారం తర్వాత అడిగితే, "మీ ఇంట్లో అందరూ ఒకే ప్రశ్న ఇన్నిసార్లు అడుగుతారా?" అంది. మీ అన్నయ్య పడీ పడీ నవ్వాడు.

ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆ వయసు మనిషికి ఉండాల్సిన ఊపిరిలో సగమే ఉందన్నారు. దుమ్ములోంచి బయటికొస్తే ఇంతకంటే పోకుండా కాపాడుకోవచ్చు, పోయింది మాత్రం తిరిగి రాదన్నారు. ఆమె విని, "అయితే హాల్లో ఉన్న కుర్రపిల్లల ఊపిరి ఇంకా మిగిలే ఉంటుంది కదా" అంది.

ఇక నా మౌనం సంగతి. ఆ ఊరి తపాలా సంచి మిల్లు గేటు దగ్గరే విప్పుతారట. మీ ఉత్తరాలు వాళ్ళు చదివాకే పిల్లకి చేరతాయని గంటమ్మ చెప్పింది. బయటివాళ్ళని వెతకమని నేను రాశాక సంక్షేమాధికారి నీ గదికి ఎందుకొచ్చాడో అప్పుడర్థమైంది. ఆమె ఇక్కడుందని రాస్తే వాళ్ళకి చెప్పినట్టే. ఇంకేదైనా రాస్తే నీకు అబద్ధం రాసినట్టే. అందుకే ఏదీ రాయలేదు. మనిషితో పంపుదామంటే మీ అన్నయ్యకి ఇన్నాళ్ళూ సెలవు దొరకలేదు.

నీ కాగితాలు నేను తప్ప ఎవరూ చూడలేదు. ప్రిన్సిపాల్ అడిగాడు. కొత్త భవనం మిల్లు యజమాని కట్టించాడని నాకప్పుడే తెలిసింది, అంతకుముందు తెలియదు. ఇవ్వనన్నాను. ప్రాజెక్టు నుంచి నన్ను తప్పించారు. కాగితాలు మీ అన్నయ్య చొక్కాల అడుగున ఉన్నాయి. సారాంశం మాత్రం నేనే కార్మిక శాఖలో స్వయంగా ఇచ్చొచ్చాను. ఒక్క గంటమ్మ పేరు తప్ప ఎవరి పేరూ అందులో లేదు. వచ్చే శనివారం అక్కడే, మిల్లు ఊళ్ళోనే విచారణ. గంటమ్మా నేనూ ఆ ఉదయమే దిగుతాం.

నన్ను "మీరు" అన్నావు. ఆ ఉత్తరం రెండోసారి చదవలేకపోయాను. కానీ అనుమానించినందుకు నాకు కోపం లేదు, అనుమానించడం మన పనే. ఒక్క కారణం కనబడగానే అక్కడే ఆగిపోయావు, అదే నా బాధ. ఇంకో కారణం ఉండొచ్చా అని ఒక్కసారి అడిగుంటే, ఆమే మాట్లాడి ఉండొచ్చన్న ఊహ నీకు వచ్చేది. నిజానికి నాకూ రాలేదు. గుమ్మంలో ఆమెని చూసేదాకా రాలేదు.

శనివారం దాకా ధైర్యంగా ఉండు.

ప్రేమతో,
వదిన

•

ప్రియమైన వదినకి,

విచారణ అయ్యి మీరిద్దరూ తిరిగి వెళ్ళాక మనం మాట్లాడుకోవాల్సినవి చాలా మిగిలాయి. స్టేషన్‌లో నిన్ను పట్టుకుని ఏడ్చాను కానీ చెప్పలేదు. ఇంకెప్పుడూ నిన్ను "మీరు" అనను. నువ్వు ముసలిదానివైనా అనను.

శనివారం నువ్వు చూడనిది ఒకటుంది. నువ్వు కార్మిక శాఖ అధికారికి లెక్కలు వివరిస్తున్నప్పుడు నేను వెనక వరసలో ఉన్నాను. "వీళ్ళు మా లెక్కలో లేని మనుషులు" అని సంక్షేమాధికారి అన్నాడు చూడు, అప్పుడు ఇంటావిడ లేచి బయటికెళ్ళింది. కోపమొచ్చి వెళ్ళిందనుకున్నాను. భర్తని తీసుకురావడానికి వెళ్ళింది. వీధిలో నలుగురు ఆయన్ని కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఆ నలుగురూ నా ముఖాన తలుపు వేసినవాళ్ళే. ఆయన ఆగి ఆగి చెబుతుంటే అధికారి కలం పక్కన పెట్టి ఎదురుచూశాడు కదా, అప్పుడు నా పక్కన కూర్చున్నావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరో నాకిప్పటికీ తెలియదు.

గది ఖాళీ చెయ్యాలన్న మాట ఇంటావిడ మళ్ళీ ఎత్తలేదు, నేనిక్కడే ఉన్నాను. ఉత్తర్వు నువ్వు వెళ్ళిన పది రోజులకి వచ్చింది. మిల్లు డాక్టరుతో సంబంధం లేకుండా కార్మిక శాఖ నర్సులే ఊపిరి పరీక్షించాలి. అదీ సోమవారం, గేటు బయట, పనిలోకి వెళ్ళే ముందొకసారి, పని దిగాక ఇంకోసారి. దుమ్ము యంత్రాల సంగతి ఆ అంకెలు చూసి తేలుస్తారు. అంటే మనం అడిగిన ప్రశ్నే, వాళ్ళ మాటతో, వాళ్ళ రోజున అడుగుతారు.

అదే ఇవాళ జరిగింది. అందుకే గదికి రాగానే రాస్తున్నాను.

పొద్దున్నే గేటు బయట బల్ల వేశారు. ఇద్దరు నర్సులు, ఊదే గొట్టాలు. పనివాళ్ళు వచ్చారు, నిలబడ్డారు. ఒక్కరూ బల్ల దగ్గరికి రాలేదు. సంక్షేమాధికారి గేటు లోపల చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఎవరు ముందు ఊదితే వాళ్ళ ముఖం గుర్తుంటుందని అందరికీ తెలుసు. నర్సు రెండుసార్లు పిలిచింది. అందరూ నేల చూపులు చూస్తున్నారు. నాకు ముందుకెళ్ళి ఏదో ఒకటి అనాలనిపించింది. అనలేదు వదినా. పళ్ళ బిగువున ఆగాను. అక్కడ మాట్లాడాల్సింది నేను కాదు.

అప్పుడు బస్సు దిగి గంటమ్మ వచ్చింది. నీతోనైనా చెప్పిందా? నాకైతే చెప్పలేదు. జనంలోంచి దారి చేసుకుంటూ బల్ల దగ్గరికొచ్చి, "నేనిప్పుడు మిల్లు మనిషిని కాను. నేనూ ఊదొచ్చా?" అంది.

నర్సు కాగితం చూసింది. "ఇంతకుముందు పనిచేసినవాళ్ళు కూడా రావచ్చని ఉందమ్మా" అంది. "పేరు?"

"గంటమ్మ. గట్టిగా పిలవండి, అందరికీ వినపడాలి."

నర్సు పిలిచింది. గంటమ్మ ఊదింది. గొట్టం మీది ముల్లు కాస్త లేచి పడిపోయింది. నర్సు అంకె రాసుకుంది. గంటమ్మ గొట్టం తుడిచి బల్ల మీద పెట్టి, పక్కకి జరిగి, అక్కడే నిలబడింది. ఎవరినీ రమ్మనలేదు.

కాసేపటికి ఒక కుర్రమ్మాయి వచ్చింది, ఈ ఏడే చేరిన పిల్ల. ఆ తర్వాత ఇద్దరు. ఆ తర్వాత నాకు ముఖాలు కనబడలేదు, వరస వీధి మలుపు దాకా పోయింది. ఒకామె ఊదుతాను కానీ పేరు చెప్పనంది. నర్సు నా వైపు చూసింది. పేరు చోట గీత పెట్టమన్నాను. గంటమ్మ కూడా తలూపింది.

ఇంతలో మిల్లు సైరన్ మోగింది. సంక్షేమాధికారి గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. "టైమైంది, పదండి, పదండి" అన్నాడు.

వరసలోంచి ఎవరూ కదల్లేదు.

నీ
ప్రశ్నలపిట్ట